ఫైలు ముందు కూర్చుంటే సగం గొడవ తీరుతుంది

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ఆ వరస పెద్దవాళ్ల కోసం అట్టే పెడతాం, వాళ్లు రారు. (నవ్వులు)

నన్ను పరిచయం చేస్తూ ‘సమాచార హక్కు నిపుణుడు’ అన్నారు. అంత మాట వద్దు. నేను ఈ చట్టానికి మూడు వైపులా కూర్చున్నవాణ్ని, అంతే. ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్లు పౌర సమాచార అధికారిని, అదే మీరు పీఐఓ అనే మనిషిని. తర్వాత మొదటి అప్పీలు వినే అధికారిని. రిటైరయ్యాక నేనే దరఖాస్తుదారుణ్ని. నా సొంత సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ కోసం దరఖాస్తు పెట్టాను. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. పొద్దున్నే పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది, నేను ఎంతమందిని అలా నిలబెట్టానో.

ఈ పూట హక్కు గొప్పదనం గురించి మాట్లాడను. అది మీకు తెలుసు. అడిగినవాడికీ ఆఫీసుకీ మధ్య పేచీ వచ్చాక ఏమవుతుంది, అది ఎక్కడ తీరాలి, ఎందుకు తీరడం లేదు, ఈ సంగతి మాట్లాడదాం.

ఒక అప్పీలు గురించి చెబుతాను. ఊరు పేరు, ఆఫీసు పేరు అక్కర్లేదు. ఒకాయన తన వీధిలో వేసిన సిమెంటు రోడ్డు మీద దరఖాస్తు పెట్టాడు. అందులో 43 ప్రశ్నలు. ‘సదరు రోడ్డు నాసిరకంగా వేయుటకు కారణమేమి? బాధ్యులెవరు? వారిపై ఇంతవరకు చర్యలు ఎందుకు తీసుకోలేదు?’ అన్నీ ఈ బాపతే. పీఐఓ ఒక్క లైను జవాబిచ్చాడు, ‘మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందకు రాదు’ అని. సాంకేతికంగా చూస్తే ఆయన జవాబులో తప్పు పట్టడం కష్టం. కానీ పదకొండు నెలలు గడిచాయి. కాగితాలు వెళ్లాయి, వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చారు. చివరికి ఆలస్యంగా, ఆలస్యాన్ని మన్నించమనే కాగితంతో సహా, అప్పీలు నా బల్ల మీదికి వచ్చింది.

నేను ముగ్గుర్ని పిలిచాను. దరఖాస్తుదారు, పీఐఓ, రోడ్డు పని చూసిన ఇంజనీరు. ఇంజనీరును ఫైలుతో రమ్మన్నాను. ‘అయ్యా, ఈ 43 ప్రశ్నలూ పక్కన పెట్టండి. మీకు కావలసిందేమిటి?’ అన్నాను. ఆయన అన్నాడు కదా, ‘సార్, మా ఇంటి ముందు నాలుగంగుళాల మందమే వేశారు. బిల్లు ఆరంగుళాలకు ఎత్తారని నా అనుమానం.’ అంతే! ఇది ఒక్క పేజీ సంగతి. పనికి కొలతలు రాసే ఎం-బుక్ అని ఉంటుంది. దాంట్లో పొడవు, వెడల్పు, మందం, తేదీ, సంతకం, అన్నీ ఒకే చోట ఉంటాయి. ఎం-బుక్ తెరిచాం. ఆయన వేలు పెట్టి చదివాడు. ధృవీకరించిన జిరాక్స్ ఒకటి ఇచ్చి పంపాం. మొత్తం ఇరవై నిమిషాలు.

ఆ పేజీలో ఆరంగుళాలు అనే రాసి ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆయన విజిలెన్స్‌కు వెళ్లాడో, కోర్టుకు వెళ్లాడో నాకు తెలియదు. అది రోడ్డు గొడవ. కాగితం గొడవ మాత్రం నా బల్ల దగ్గర తీరిపోయింది. ఈ రెంటినీ మనం ఎప్పుడూ కలిపేస్తాం. రోడ్డు మీద కోపం దరఖాస్తులో కక్కుతాం, ఆఫీసు వాళ్లు ఆ కోపానికి జవాబిస్తారు గానీ కాగితం ఇవ్వరు.

నా అనుభవంలో ఇలాంటి పేచీ తీరాలంటే అడిగిన మనిషి, ఆ కాగితం ఏ బీరువాలో ఉందో తెలిసిన గుమాస్తా, ఆ ఫైలు, మూడూ ఒక బల్ల దగ్గర చేరాలి. చట్టం ఆ బల్ల వేసింది. దాని పేరే మొదటి అప్పీలు. మనం దాన్ని పోస్టాఫీసు చేసేశాం, కింది నుంచి వచ్చిన జవాబు మీద ముద్ర వేసి పైకి పంపే చోటు.

చట్టం ఏం చెప్పిందో ఒకసారి చకచకా చూద్దాం, చాలామందికి తెలిసిందే. 2005 అక్టోబరు 12 నుంచి ఈ చట్టం పూర్తిగా అమల్లో ఉంది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. గడువులోగా ఏ నిర్ణయమూ చెప్పకపోతే తిరస్కరించినట్టే లెక్క. అంటే మౌనం కూడా ఒక ఉత్తర్వే, దాని మీదా అప్పీలుకు వెళ్లొచ్చు. గడువు దాటాక ఇస్తే కాగితాలకు డబ్బులు తీసుకోకూడదు, ఉచితంగా ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి చెప్పి పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. జవాబు నచ్చకపోతే, లేదా రాకపోతే, 30 రోజుల్లో అదే సంస్థలో పీఐఓ కంటే పై హోదా అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాస్తే 45 దాకా సాగదీయొచ్చు. అక్కడా తెగకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. సెక్షన్ 19లో ఐదో ఉపసెక్షన్ ఉంది. ఇవ్వకపోవడం సబబే అని నిరూపించాల్సిన బాధ్యత పీఐఓదే. మీరు ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, వాళ్లు ఎందుకు ఇవ్వరో చెప్పాలి. హియరింగుకు వెళ్లిన దరఖాస్తుదారు చేతులు కట్టుకుని ‘దయచేసి ఇప్పించండి’ అంటుంటే నాకు మనసు చివుక్కుమనేది. అక్కడ సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరు కాదు కదా!

ఇక పేచీలు ఎలా పుడతాయో చూద్దాం. ఆఫీసు నోట వచ్చే ‘లేదు’ అనే మాటకు చాలా అర్థాలున్నాయి. ఆ కాగితం అసలు పుట్టనే లేదు అని ఒకటి. పుట్టింది గానీ ఎక్కడుందో తెలియదు అని ఒకటి. ఉంది, ఇవ్వను అని ఒకటి. ఉందో లేదో వెతికే ఓపిక లేదు అని ఇంకొకటి. ఈ చివరిదే ఎక్కువ. కానీ జవాబు కాగితం మీద మాత్రం అన్నీ ఒకే వాక్యంలా కనబడతాయి, ‘సమాచారం అందుబాటులో లేదు.’ ఆ వాక్యం మీద అప్పీలు రాసేవాళ్లు నేరుగా ‘దురుద్దేశంతో దాచారు’ అని మొదలుపెడతారు. నేను మాత్రం ఒకటే అడగమంటాను. ఏ ‘లేదు’ ఇది?

పోయిన ఫైలు సంగతి కాస్త నిదానంగా చెబుతాను, దీంట్లో అసలు రసం ఉంది. మన రెవెన్యూ ఆఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడు దాని నెత్తిన ఒక గుర్తు వేస్తారు, దాన్నే డిస్పోజల్ అంటారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తీసేయొచ్చు. ఎల్.డిస్. అంటే ఏడాది తర్వాత తీసేయొచ్చు. మద్రాసు రాష్ట్రం నాటి నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు ఈ-ఫైలు వచ్చి పాతవాళ్లతో పాటు ఈ భాషా పోతోంది గానీ, పాత రికార్డు అడిగేవాడికి ఇది తాళంచెవి లాంటిది. ‘ఫైలు లేదు’ అన్నారనుకోండి. మీ అప్పీల్లో ఇలా రాయండి: సదరు ఫైలు ఏ డిస్పోజల్ కింద ముగించారు? గడువు తీరి తీసేసి ఉంటే, ధ్వంసం చేసినట్టు రాసుకున్న రిజిస్టరులో ఆ ఎంట్రీ ఉన్న పేజీ నకలు ఇవ్వండి. తీసేయకపోతే, చివరిసారిగా ఫైలు ఎవరి పేర నమోదై ఉందో ఆ రిజిస్టరు పేజీ ఇవ్వండి. చాలాసార్లు ఈ మూడు వాక్యాలు చేరగానే ఫైలు దొరుకుతుంది. నేను పరిహాసానికి అనడం లేదు. రిజిస్టరులో తన పేరు బయటికి వస్తుందని తెలిసిన మనిషి బీరువా వెనక కూడా వెతుకుతాడు.

నిజంగానే పోతే? ‘కనబడటం లేదు’ అనేది కాగితం ఇవ్వకుండా ఆపడానికి చట్టం ఒప్పుకున్న మినహాయింపు కానే కాదు. సెక్షన్ 8, 9 తిరగేయండి, ఆ మాట ఎక్కడా దొరకదు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. ఒకప్పుడు రికార్డులో ఉన్నదాన్ని దొరకలేదని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు, గట్టిగా వెతకాలి, దొరకకపోతే బాధ్యులెవరో తేల్చాలి, అలాంటి విచారణకు ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది అని. దీని మీద నాకున్న అభిప్రాయం కూడా చెప్పేస్తాను. ఫైళ్లు పోవడం వెనక ప్రతిసారీ కుట్ర ఉండదు. సెక్షన్ 4 మొదటి మాటే రికార్డులు జాబితా వేసి, సూచిక కట్టి పెట్టండి అని. ఆ పని ఎవరూ చేయలేదు. దానికి బడ్జెట్టూ ఇవ్వలేదు, మనిషినీ ఇవ్వలేదు. ఆఫీసు మారినప్పుడల్లా గోనెసంచుల్లో కుక్కి లారీలో వేస్తారు. నేను ఒకసారి ఎలుకలు కొట్టేసిన భూసేకరణ రికార్డు ముందు కూర్చుని ఏడవలేక నవ్వాను.

ఇప్పుడు ‘ఉంది, ఇవ్వను’ అనే రకం. ఇదీ అసలు న్యాయ పోరాటం. సెక్షన్ 8లో పది మినహాయింపులున్నాయి. పీఐఓలు చేసే పని ఏమిటంటే సెక్షన్ నంబరు రాసి సంతకం పెడతారు. ‘8(1)(హెచ్) ప్రకారం ఇవ్వజాలము’ అని. హెచ్ అంటే దర్యాప్తుకు ఆటంకం కలిగించే సమాచారం. 2007లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది, దర్యాప్తు నడుస్తోంది అన్నంత మాత్రాన చాలదు, ఈ కాగితం ఇస్తే ఆ దర్యాప్తుకు ఏ విధంగా అడ్డు వస్తుందో చూపించాలి అని. కాబట్టి అప్పీల్లో మీరు చట్టం మీద ఉపన్యాసం రాయనక్కర్లేదు. ‘ఏ విధంగా?’ అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబు ఉంటే నిజమైన మినహాయింపు, లేకపోతే వట్టి అంకె.

మరొక మార్గం ఉంది, దాన్ని మన దగ్గర ఎవరూ వాడరు. సెక్షన్ 10. కాగితంలో ఒక భాగం ఇవ్వకూడనిదైతే ఆ భాగం కొట్టేసి మిగతాది ఇవ్వాలి. ఎంత చక్కని రాజీ చూడండి! ఇద్దరు సాక్షుల పేర్లు ఉన్నాయని నలభై పేజీల విచారణ నివేదిక ఆపేస్తారు. పేర్ల మీద నల్ల సిరా పూస్తే మిగతాదంతా ఇవ్వొచ్చు. నేను అప్పీళ్లు విన్న రోజుల్లో తీర్చిన పేచీల్లో చాలావాటికి మందు ఇదే. దరఖాస్తుదారును అడిగితే ‘ఆ పేర్లు నాకెందుకు సార్’ అనేవాడు. ఆ మాట మొదటి రోజే ఎవరూ అడగలేదు.

వ్యక్తిగత సమాచారం సంగతి ఈమధ్య మారింది, గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 8(1)(జె). ఇదివరకు వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవాలంటే దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేకపోవాలి, లేదా అకారణంగా ఆ మనిషి ఏకాంతంలోకి చొరబడ్డట్టు కావాలి. పార్లమెంటుకు, శాసనసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదు అనే మంచి వాక్యం కూడా ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44వ సెక్షన్ ఈ వడపోతలన్నీ తీసేసింది, 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అంటే చాలు, ఆపేయొచ్చు. నాకు ఇది నచ్చలేదు, దాచను. కూలీల హాజరు పట్టీ, అదే మస్టర్ రోల్ అంటేనే పేర్ల జాబితా కదా! పేర్లు లేని మస్టర్ రోల్లో చనిపోయినవాళ్ల పేరున పడ్డ కూలి ఎలా బయటపడుతుంది? రాజస్థాన్ పల్లెల్లో 1990లలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు జనాన్ని కూర్చోబెట్టి మస్టర్ రోళ్లు బిగ్గరగా చదివితేనే ఈ చట్టానికి బీజం పడింది. అయితే సెక్షన్ 8(2) మాత్రం అలాగే ఉంది. నష్టం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు అంటుంది అది. రేపటి నుంచి పేచీ అంతా ఈ వాక్యం చుట్టూ తిరుగుతుంది. కాబట్టి ప్రజా ప్రయోజనం ఏమిటో దరఖాస్తులోనే రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది, నిజమే. చెప్పనక్కర్లేదంటే చెప్పకూడదని అర్థం కాదు.

ఇప్పుడు కాస్త బయటికి చూద్దాం. అమెరికాలో సమాచార స్వేచ్ఛ చట్టం మీద 1966 జూలై 4న సంతకం పడింది. అక్కడ చాలాకాలం రెండే మెట్లు ఉండేవి. శాఖలో అప్పీలు, కాదంటే ఫెడరల్ కోర్టు. కోర్టంటే ఖర్చు, ఏళ్లు. 2007లో చట్టం సవరించి మధ్యలో ఒక ఆఫీసు పెట్టారు, 2009 నుంచి అది నేషనల్ ఆర్కైవ్స్ గొడుగు కింద పనిచేస్తోంది. దానికి ఎవరినీ శాసించే అధికారం లేదు. పెనాల్టీ వేసే వీల్లేదు, ఫైలు ఇమ్మని ఉత్తర్వు ఇచ్చే వీల్లేదు. ఇద్దరి మధ్యా కూర్చుని మాట్లాడుతుంది, మధ్యవర్తిత్వం చేస్తుంది. ‘పళ్లు లేని పులి ఎందుకండీ’ అని మీరు అనొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 2016లో ఇంకో సవరణ చేసి, ఇవ్వం అని చెప్పే ప్రతి ఉత్తరంలోనూ ‘ఈ మధ్యవర్తి సాయం తీసుకోవచ్చు’ అని రాయాల్సిందే అన్నారు. అంటే కాదన్నవాడే తలుపు ఎటుందో చూపించాలి. మన చట్టంలోనూ తిరస్కరించే ఉత్తరంలో కారణాలు, అప్పీలు గడువు, అప్పిలేట్ అధికారి వివరాలు రాయాలని సెక్షన్ 7(8) చెబుతుంది. మీకు వచ్చిన ఉత్తరాల్లో ఎన్నింటిలో ఆ మూడూ ఉన్నాయి? చేతులు ఎత్తండి... సరే, ఎత్తినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. (నవ్వులు)

అక్కడిదే ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. 1973లో వాన్ వర్సెస్ రోసెన్ అనే కేసు. ప్రభుత్వం ఒక కట్ట కాగితాలు చూపించి ఇదంతా మినహాయింపే అంది. కాగితాలు చూడని పిటిషనరు దాని మీద ఏం వాదిస్తాడు? కళ్లకు గంతలు కట్టి కత్తి యుద్ధం చేయమన్నట్టు. అందుకని కోర్టు, ఏ కాగితం, ఏ భాగం, ఏ మినహాయింపు, ఎందుకు అని పట్టిక వేసి ఇమ్మంది. ఇప్పటికీ దాన్ని వాన్ ఇండెక్స్ అంటారు. దీన్ని మన మొదటి అప్పీల్లో వాడుకోవడానికి ఏ సవరణా అక్కర్లేదు. పీఐఓను ఫైలు పేజీల వారీగా పట్టిక వేసుకుని రమ్మంటే చాలు. నేను అలా అడిగితే చాలామంది పట్టిక వేయడానికి కూర్చుని, సగం పేజీలు దాచవలసినవేమీ కావని తామే తెలుసుకుని ఇచ్చేసేవాళ్లు. పట్టిక వేయడానికి బద్ధకించి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. ఎలాగైతేనేం!

మరి మన మొదటి అప్పీలు ఎందుకు పనిచేయడం లేదు? సూటిగా చెబుతాను, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కనుక. మొదటిది, పీఐఓ ఇచ్చిన జవాబు చాలాసార్లు అప్పిలేట్ అధికారిని అడిగి ఇచ్చిందే. తను చెప్పి రాయించిన జవాబును తనే కొట్టేయాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కడే. రెండోది, ఆలస్యం చేస్తే పీఐఓకు రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అప్పిలేట్ అధికారికి ఏమీ లేదు. ఆయన వినకపోయినా, ఉత్తర్వు ఇవ్వకపోయినా ఈ చట్టం కింద ఒక్క రూపాయి జరిమానా పడదు. మూడోది ఎవరూ అనరు గానీ నేనంటాను. ఆ అధికారికి దీనికంటూ ఇచ్చిన సమయం లేదు. సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు, కోర్టు ధిక్కార కేసులు, మధ్యలో మీ అప్పీలు. సూపరింటెండెంటు ‘పీఐఓ ఇచ్చిన సమాచారం సరిపోతుంది, అప్పీలు పరిష్కరించడమైనది’ అని చిత్తు రాసుకొస్తాడు. సంతకం.

అలా వదిలేసినవన్నీ కమిషన్ గుమ్మం ముందు పోగవుతాయి. అక్కడ తరచూ కుర్చీలే ఖాళీ. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండా నడిచింది. ఖాళీలు సకాలంలో నింపండని 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి కమిషనర్ల పదవీకాలం, జీతం నిర్ణయించే అధికారం కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. అయిదేళ్ల పదవి మూడేళ్లయింది. కమిషన్‌కు గొప్ప అధికారాలే ఉన్నాయి. ఏ రికార్డునైనా తెప్పించుకుని చూడొచ్చు, దాని ముందు దాచడానికి వీల్లేదు. జరిమానా వేయొచ్చు, నష్టపరిహారం ఇప్పించొచ్చు, రికార్డులు ఎలా భద్రపరచాలో ఆదేశించొచ్చు. కానీ ఊరి వాటర్ ట్యాంకు కాగితం కోసం రెండేళ్లు ఆగితే ఆ ట్యాంకే కూలిపోతుంది. అందుకే పోట్లాట కింది మెట్టు మీదే తీరాలని నా పట్టు.

దరఖాస్తుదారులకు ఒక మాట, చేదుగా ఉంటే మన్నించండి. ‘ఎందుకు’ అని అడగకండి. 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు రెండు వైపులా చెప్పింది. విద్యార్థి తన జవాబు పత్రం చూసుకోవచ్చు అంది. అదే తీర్పులో, రికార్డులో లేనిదాన్ని తయారు చేసివ్వాల్సిన పని గానీ, అభిప్రాయం చెప్పాల్సిన పని గానీ అధికారికి లేదు అంది. ‘నా పింఛను ఎందుకు ఆపారు?’ అని అడిగితే జవాబు రాదు. ‘నా పింఛను ఆపుతూ ఇచ్చిన ఉత్తర్వు, దానికి ముందు నడిచిన నోట్‌ఫైలు’ అని అడిగితే, ఎందుకో ఆ నోట్‌ఫైల్లోనే ఉంటుంది. నోట్‌ఫైలు అంటే ఆఫీసు ఆలోచించిన తీరు, కింది గుమాస్తా రాసిన మొదటి పేరా నుంచి పై అధికారి ‘సరే’ దాకా. అసలు నిజం ఉండేది దాంట్లో, మీకు వచ్చే ఉత్తరంలో కాదు.

ఏ కాగితం అడగాలో తెలియనప్పుడు తనిఖీ అడగండి. రికార్డును కళ్లతో చూడటం, నోట్సు రాసుకోవడం కూడా ఈ చట్టం ఇచ్చిన హక్కే. కేంద్ర నియమాల ప్రకారం మొదటి గంటకు ఫీజు లేదు, ఆ తర్వాత గంటకు 5 రూపాయలు. వెయ్యి పేజీలు జిరాక్స్ అడిగి ఆఫీసును హడలగొట్టే బదులు, గంటసేపు కూర్చుని చూసి, ఏడు పేజీలకు చీటీలు పెట్టి రండి. ఆఫీసుకూ తేలిక, మీకూ తేలిక.

ఇక ప్రశ్నలు అడగండి. 

(ఒక సభికురాలు: సార్, మొదటి అప్పీలు మానేసి నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే త్వరగా అవుతుందని మా ఊళ్లో ఒకాయన చెప్పాడు. నిజమేనా?)

చాలామంది ఇక్కడే బోల్తా పడతారమ్మా. సెక్షన్ 18 కింద ఫిర్యాదు చేస్తే అధికారి మీద జరిమానా దాకా వెళ్లొచ్చు. కానీ ఆ దారిలో సమాచారం ఇమ్మని ఉత్తర్వు రాదు. మణిపూర్ కేసులో 2011 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. కాగితం కావాలంటే సెక్షన్ 19, అంటే అప్పీలు దారే. ఆ అధికారికి శిక్ష పడాలా, మీ చేతికి కాగితం రావాలా, ముందు అది తేల్చుకోండి. మీకు కాగితం కావాలని మీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

(మరో సభికుడు: నేను ఒక ఆఫీసులో పీఐఓను సార్. ఫైలు నా దగ్గర ఉండదు, వేరే సెక్షన్ వాళ్లు ఇవ్వరు. జరిమానా మాత్రం నాకే వేస్తామంటారు.)

మీ బాధ నాకు తెలుసు, తమ్ముడూ. చట్టం మిమ్మల్ని మరచిపోలేదు. సెక్షన్ 5లో నాలుగు, అయిదు ఉపసెక్షన్లు చదవండి. మీరు ఎవరి సాయం అడిగితే వాళ్లు సాయం చేయాలి, చేయకపోతే ఆ పనికి వాళ్లనే పీఐఓగా లెక్కిస్తారు. కానీ అడిగినట్టు కాగితం ఉండాలి. ఫోన్లో ‘అన్నా, కాస్త ఆ ఫైలు చూడు’ అంటే అది సాక్ష్యం కాదు. దరఖాస్తు వచ్చిన రెండో రోజే ఒక మెమో పంపండి, తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకోండి. అలాగే దరఖాస్తు వేరే ఆఫీసుదైతే అయిదు రోజుల్లో బదిలీ చేసేయండి. ఇరవై తొమ్మిదో రోజు బదిలీ చేసేవాణ్ని ఏ కమిషనరూ నమ్మడు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: తనిఖీకి పొమ్మన్నారు బాగానే ఉంది. వెళ్తే కట్ట ముందు పడేసి చూసుకోండి అంటారు. మాబోటివాళ్లం ఏం చూడాలి?)

మంచి ప్రశ్న పెద్దయ్యా, దీంతో ముగిద్దాం, టీ కూడా వచ్చినట్టుంది. ఫైలు తెరవగానే చదవడం మొదలుపెట్టకండి. ముందు పేజీ నంబర్లు చూడండి. ఒకటి నుంచి చివరిదాకా వరసగా ఉన్నాయా, మధ్యలో దూకాయా, ఒక నంబరు కొట్టి ఇంకోటి వేశారా చూడండి. తర్వాత నోట్‌ఫైల్లో పేరాల వరస చూడండి. పన్నెండో పేరా తర్వాత పదిహేనోది వచ్చిందంటే మధ్యలో రెండు పేరాలు ఎక్కడికో వెళ్లాయని అర్థం. ఉత్తరాల్లో ‘మా పూర్వపు లేఖ, తేదీ ఫలానా’ అని ఉంటుంది, ఆ లేఖ కట్టలో ఉందో లేదో చూసుకోండి. కొన్నిసార్లు పేజీలకు నంబర్లే ఉండవు. అప్పుడు తొందరపడకండి. పీఐఓ గారిని పిలిచి, మీ ఎదుటే ఒకటి నుంచి నంబర్లు వేయించండి, మొత్తం ఎన్ని పేజీలో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. చదవడం ఆ తర్వాత.